ఘాట్ రోడ్డు ఎన్ని మీటర్లు ఎక్కుతుంది? యాప్ చూపే అంకె వెనక లెక్క

ఒకే ఘాట్ రోడ్డును నాలుగు మ్యాప్ యాప్‌లలో గీసి చూస్తే దూరంలో పెద్ద తేడా రాదు. మొత్తం ఎక్కుడు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కో యాప్ ఒక్కో మాట చెబుతుంది. పొడవైన దారైతే తేడా వందల మీటర్లలో ఉంటుంది. ఏ యాప్ కరెక్టు, ఏది తప్పు అని సైకిల్ గ్రూపుల్లో ఎప్పుడూ వాదనే. అది తెగే వాదన కాదు. ఎత్తు డేటా ఎక్కణ్నుంచి తెచ్చారు, ఎన్ని మీటర్లకో బిందువు పట్టారు, ఎంత చిన్న ఎగుడుదిగుడును లెక్కలోంచి తీసేశారు అన్న మూడు నిర్ణయాలు కలిసి ఆ అంకెను తయారుచేస్తాయి. నిర్ణయాలు మారితే అంకె మారుతుంది.

ఒక చిన్న ముక్క తీసుకుందాం. 270 మీటర్ల దారి మీద ప్రతి 30 మీటర్లకు ఒక ఎత్తు చదివితే ఇలా వచ్చాయనుకోండి: 412, 415, 411, 416, 414, 419, 417, 423, 420, 426. మొదటికీ చివరికీ తేడా 14 మీటర్లు. రోడ్డు ఒకే తీరున ఎక్కుతోంది, వాలు 5 శాతం చిల్లర. మధ్యలో కనిపించే ఎగుడుదిగుళ్లు డేటాలోని గరుకుదనమే తప్ప రోడ్డువి కావు. ఇప్పుడు ఎత్తు పెరిగిన ప్రతిసారీ కూడుకుంటూ పోతే 3, 5, 5, 6, 6 కలిసి 25 మీటర్లు అవుతుంది. ‘5 మీటర్లలోపు ఊగిసలాటను వదిలెయ్’ అని ఒక్క షరతు పెడితే అదే లెక్క 15 మీటర్లకు దిగుతుంది. ఈ ముక్కలో అత్యధిక వాలు ఎంతని అడిగితే ఇంకా ఘోరం: 30 మీటర్లకు 6 మీటర్లు, అంటే 20 శాతం! సాఫీగా తొక్కుకుంటూ పోయే రోడ్డు తెర మీద గోడలా నిలబడుతుంది.

రైడ్‌లను రికార్డు చేసే స్ట్రావా యాప్ ఈ షరతును బాహాటంగానే చెబుతుంది. గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ ఉన్న పరికరంతో రికార్డయిన రైడ్‌కు 2 మీటర్లు, లేనిదానికి 10 మీటర్లు దాటితేనే ఎక్కినట్టు లెక్క. దీని ప్రభావం కొండల్లో కంటే మైదానంలోనే ఎక్కువ. డెల్టాలో కాలువ గట్ల మీద, చిన్న చిన్న వంతెనల మీదుగా రోజంతా తొక్కినవాళ్లకు 10 మీటర్ల షరతు కింద దాదాపు సున్నా వస్తుంది. షరతు లేని యాప్‌లో అదే రైడ్‌కు కొండెక్కినంత వస్తుంది. రెండూ నమ్మదగ్గవి కావు.

ఎత్తులు ఎక్కడివి

దారి చూపే రౌటింగ్ యాప్‌లలో చాలావాటికి ఎత్తు డేటా ఇప్పటికీ ఒకే చోటునుంచి వస్తోంది. 2000 ఫిబ్రవరిలో నాసా అంతరిక్ష నౌక ఎండెవర్ షటిల్ 60 మీటర్ల పొడవైన దూలం చివర రెండో యాంటెన్నాను చాపి, 11 రోజులపాటు రాడార్‌తో నేలను కొలిచింది. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల దాకా ఉన్న నేలంతా అందులో ఉంది. దాన్నే ఎస్‌ఆర్‌టీఎం అంటారు. నేలను దాదాపు 30 మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసిన పట్టిక అది. అమెరికా బయటి ప్రాంతాలకు 2014 దాకా 90 మీటర్ల గళ్లే ఇచ్చారు. పాత సర్వర్ల మీద నడిచే కొన్ని సేవలు ఈనాటికీ ఆ 90 మీటర్ల డేటానే వాడుతున్నాయి.

గడి సైజు ఎంతన్నది అందరూ అడుగుతారు, డేటా ఏనాటిదన్నది ఎవరూ అడగరు. హైదరాబాద్ పడమటి వైపు దీనికి మంచి ఉదాహరణ. 2000లో అవుటర్ రింగ్ రోడ్డు లేదు. బండరాళ్ల గుట్టలు తొలిచి, పల్లాల్లో కట్టలు పోసి దాన్ని వేశారు. దాని పక్కనే 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. ఎస్‌ఆర్‌టీఎం మీద నడిచే యాప్‌లో ఆ ట్రాక్ ప్రొఫైల్ (ఎత్తుపల్లాల గీత) తెరిస్తే, తొలిచేసిన గుట్టలు అక్కడ ఇంకా నిలబడే ఉంటాయి. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెనదీ ఇదే కథ. ఎత్తుల పట్టికకు వంతెన తెలియదు, చెరువు నీళ్లే తెలుసు. యాప్ సవరించకపోతే సైకిల్ చెరువులోకి దిగి అవతలి గట్టున తేలినట్టు గీత వస్తుంది. గ్రాఫ్‌హాపర్ లాంటి రౌటర్లు, అంటే దారి లెక్కగట్టే ప్రోగ్రామ్‌లు, అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వంతెన, సొరంగం అని గుర్తు పెట్టిన ముక్కల్లో మధ్య ఎత్తులను పక్కనపెట్టి, రెండు చివరలను సరళంగా కలుపుతాయి. అందువల్ల మ్యాప్‌లో వంతెన గుర్తు సరిగ్గా పెట్టడం కూడా ఎత్తును సరిదిద్దడమే.

కొత్త డేటా కావాలంటే కోపర్నికస్ 30 మీటర్ల పట్టిక ఉంది. 2011–2015 మధ్య జర్మనీ టాన్‌డెమ్-ఎక్స్ ఉపగ్రహాలు తీసిన కొలతలవి. కొండ ప్రాంతాల్లో ఎస్‌ఆర్‌టీఎం కంటే మెరుగు. కానీ ఆ రాడార్ తరంగం చెట్ల కొమ్మల దగ్గరే ఆగిపోతుంది. నల్లమల లాంటి చోట దారి ఖాళీ జాగా నుంచి అడవిలోకి దూరగానే ఉన్నపళంగా పది పదిహేను మీటర్లు ఎక్కినట్టు కనిపిస్తే, అది చెట్టు ఎత్తు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు కోపర్నికస్ నుంచి చెట్లనూ భవనాలనూ తీసేసి ఫ్యాబ్‌డెమ్ అనే పట్టిక చేశారు. కాకపోతే దాన్ని వ్యాపారానికి ఉచితంగా వాడకూడదు, కాబట్టి డబ్బు తీసుకునే యాప్‌లో కనిపించడం కష్టం.

మన దగ్గరిదే ఇంకొకటి ఉంది. 2005లో ఎగిరిన కార్టోశాట్-1 జంట కెమెరాల బొమ్మల నుంచి చేసిన కార్టోడెమ్‌ను హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) భువన్ పోర్టల్ ద్వారా 30 మీటర్ల గళ్లలో ఉచితంగా ఇస్తోంది. దీన్ని వాడేటప్పుడు ఒక ఉచ్చు ఉంది, దాని సంగతి కాసేపట్లో. స్విట్జర్లాండ్‌లో విమానం నుంచి లేజర్‌తో కొలిచిన అర మీటరు గళ్ల డేటాను 2021 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ఒకే యాప్ ఆల్ప్స్‌లో గీసే ప్రొఫైల్‌కూ తూర్పు కనుమల్లో గీసే ప్రొఫైల్‌కూ పోలిక లేకపోవడానికి కారణం ఇదే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, సరుకుది.

ఘాట్‌లో అసలు చిక్కు గీత పక్కకు జరగడం

ఎత్తులో ఐదారు మీటర్లు తప్పుందంటే డేటా నిలువుగా తప్పిందనుకుంటారు. ఘాట్ రోడ్డు మీద ఎక్కువ సార్లు తప్పు అడ్డంగా జరుగుతుంది. కొండ వాలు 30 డిగ్రీలు ఉన్నచోట మ్యాప్‌లో రోడ్డు గీత 10 మీటర్లు పక్కకు జరిగితే చదివే ఎత్తు 5.8 మీటర్లు మారిపోతుంది. గీత ఒకచోట లోయ వైపు, మరోచోట కొండ వైపు జరిగి ఉంటే ప్రొఫైల్ రంపపు పళ్లలా వస్తుంది. పైగా రోడ్డు వెడల్పు ఏడెనిమిది మీటర్లే, గడి 30 మీటర్లు. కొండను తొలిచి చదును చేసిన రోడ్డు ఎత్తు ఆ గడిలో విడిగా ఉండదు. పైన కొండ, కింద లోయ కలిసిన సగటు ఉంటుంది. హెయిర్‌పిన్ మలుపు దగ్గర పై రోడ్డూ కింది రోడ్డూ ఒకే గడిలో పడ్డాయంటే రెంటికీ ఒకే ఎత్తు వస్తుంది. అక్కడ కాసేపు చదును, వెంటనే నిటారు గోడ కనిపిస్తుంది.

కాబట్టి ఘాట్ రూట్‌ను గీసేటప్పుడు మొదటి పని ఎత్తుల జోలికి పోకుండా గీతను ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూడటం. మలుపుల్లో గీత రోడ్డును కోసుకుంటూ పోతే బిందువులు చేర్చి సరిచేయాలి. తర్వాత 20–30 మీటర్లకో బిందువు చొప్పున ఎత్తు చదవాలి. అంతకంటే దగ్గర చదివితే కొత్త సమాచారమేమీ రాదు, గరుకుదనం పెరుగుతుంది. పక్కనున్న గడి ఎత్తును ఉన్నదున్నట్టు తీసుకోకుండా, చుట్టూ ఉన్న నాలుగు గళ్ల నుంచి దూరాన్ని బట్టి సగటు కట్టాలి. ఎస్‌ఆర్‌టీఎం పట్టికలో ఎత్తులు పూర్ణ మీటర్లలోనే ఉంటాయి. సగటు కట్టకుండా 10 మీటర్లకోసారి చదివితే ఒక్క మీటరు గెంతు 10 శాతం వాలై కూర్చుంటుంది.

వాలును మాత్రం ఎప్పుడూ పొడవైన ముక్క మీదే చూడాలి. 5 మీటర్ల తప్పు 30 మీటర్ల ముక్కలో 17 శాతం, 200 మీటర్ల ముక్కలో 2.5 శాతం. అలాగని నున్నగా చేస్తూ పోవడమూ మంచిది కాదు. 60 మీటర్ల పాటు 14 శాతం ఎక్కే గట్టి మిట్ట, దాని అటూ ఇటూ 4 శాతం రోడ్డు ఉంటే, 200 మీటర్ల సగటులో మొత్తం 7 శాతంగా కనిపిస్తుంది. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలైతే గంటకు 10 కిలోమీటర్ల వేగంతో 7 శాతం ఎక్కడానికి బరువు మోసే పనికే దాదాపు 160 వాట్లు కావాలి. 14 శాతానికి దానికి రెట్టింపు. గేర్లు లేని సైకిల్ దిగి నెట్టుకుంటూ పోయేది ఆ అరవై మీటర్లలోనే, యాప్ చూపనిదీ అదే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అలాంటి ముక్కకు ఎవరైనా వాలు శాతాన్ని ట్యాగ్‌గా రాసి ఉంటే, 30 మీటర్ల గడి కంటే ఆ ట్యాగ్‌నే నమ్మాలి.

ఫైలు చదవడంలో జరిగే తప్పులు

ఎస్‌ఆర్‌టీఎం డేటా ఒక్కో డిగ్రీకి ఒక్కో ఫైలుగా దొరుకుతుంది. పేరు నైరుతి మూలను బట్టి ఉంటుంది. తిరుమల ఉన్న ఫైలు ఎన్13ఈ079. అందులో 3,601 వరుసలు, వరుసకు 3,601 ఎత్తులు, ఎత్తుకు రెండు బైట్లు. తిరుమల ఆలయం 13.6833 ఉత్తర అక్షాంశం, 79.3472 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. వరుసలు ఉత్తరం నుంచి మొదలవుతాయి కాబట్టి 14లోంచి 13.6833 తీసి 3,600తో గుణిస్తే 1,140వ వరుస. 0.3472ను 3,600తో గుణిస్తే 1,250వ నిలువు. ఫైలు మొదటినుంచి 82,12,780 బైట్లు వదిలి ఆ తర్వాతి రెండు చదవాలి. వరుసలను దక్షిణం నుంచి లెక్కపెట్టినవాళ్లకు దాదాపు 40 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఇంకో చోటు ఎత్తు వస్తుంది. అంకె మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు చాలాకాలం పట్టుబడదు. బైట్ల వరుసను తిరగేసి చదివితే మాత్రం వెంటనే బయటపడుతుంది: 900 మీటర్లు కాస్తా మైనస్ 31,741 అవుతుంది.

రాడార్‌కు అందని లోయల్లో కొలత లేదని చెప్పడానికి మైనస్ 32,768 రాస్తారు. దాన్ని చూసుకోకుండా సున్నాగా మార్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. 700 మీటర్ల ఎత్తున పోయే దారి ఒక్కసారిగా సముద్ర మట్టానికి పడి లేస్తే, ఆ ఒక్క గుంటతోనే మొత్తం ఎక్కుడులో 700 మీటర్లు కలుస్తాయి. మార్చాల్సింది సున్నాకు కాదు, ఇరుపక్కల ఎత్తుల నుంచి పూరించాలి.

వెబ్ యాప్‌లు ఎత్తును బొమ్మలోని చుక్కల రంగుల్లో దాచి పంపుతాయి. టెర్రేరియం పద్ధతిలో ఎరుపు విలువను 256తో గుణించి, ఆకుపచ్చను కూడి, నీలాన్ని 256తో భాగించి కలిపి, 32,768 తీసేస్తే మీటర్లు వస్తాయి. ఎరుపు 131, ఆకుపచ్చ 132, నీలం 0 ఉంటే 900 మీటర్లు. ఎరుపు ఒక్క అంకె జరిగితే ఎత్తు 256 మీటర్లు జరుగుతుంది. అందుకే ఈ బొమ్మలను జేపెగ్‌గా కుదించకూడదు, రంగుల మధ్య సగటు కట్టి సైజు మార్చకూడదు. ముందు ఎత్తుగా మార్చుకుని, ఆ తర్వాతే సగటు కట్టాలి. ప్రొఫైల్‌లో సరిగ్గా 256 మీటర్ల సూదులు లేచాయంటే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

75 మీటర్లు కిందికి దిగిన హైదరాబాద్

జీపీఎస్ తనంతట తాను సముద్ర మట్టాన్ని ఎరగదు. భూమికి గణితం తొడిగిన నున్నటి ఊహా ఆకారం, ఎలిప్సాయిడ్, నుంచి ఎత్తును కొలుస్తుంది. అసలు సముద్ర మట్టం దానికి చాలా చోట్ల పైనా కిందా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లం శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, దాదాపు 106 మీటర్లు. ఆ పల్లం అంచు మన దాకా వస్తుంది. హైదరాబాద్‌లో తేడా సుమారు 75 మీటర్లు. అంటే సముద్ర మట్టం నుంచి 515 మీటర్ల ఎత్తున్న చోట జీపీఎస్ ముడి లెక్క 440 చూపుతుంది. తీరంలో ఇసుక మీద నిలబడితే మైనస్‌లో పదుల మీటర్లు చూపుతుంది. ఫోన్ పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు.

ఆండ్రాయిడ్‌లో లొకేషన్‌తో పాటు వచ్చే ఎత్తు ఈ ఎలిప్సాయిడ్ లెక్కే. సముద్ర మట్టం లెక్కను ఆండ్రాయిడ్ 14 నుంచి విడిగా ఇస్తున్నారు. ఐఫోన్ మొదటినుంచీ సముద్ర మట్టం లెక్కే ఇస్తుంది. ఒకే రైడ్‌లో పక్కపక్కన తొక్కిన ఇద్దరి ఫైళ్లలో మొదటినుంచి చివరిదాకా 70–80 మీటర్ల తేడా స్థిరంగా ఉంటే కారణం ఇదే. మొత్తం ఎక్కుడు దీనివల్ల చెడిపోదు, ఎందుకంటే తేడా అంతటా దాదాపు ఒకటే. చెడిపోయేది రెండు రకాల డేటాను కలిపినప్పుడు. కార్టోడెమ్ ఎత్తులు ఎలిప్సాయిడ్ నుంచి, ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు సముద్ర మట్టం నుంచి. ఒకదాని ఖాళీలను రెండోదానితో నేరుగా పూరిస్తే అతుకు దగ్గర 75 మీటర్ల గోడ లేస్తుంది. పైన చెప్పిన ఉచ్చు అదే. ఎలిప్సాయిడ్‌కూ సముద్ర మట్టానికీ ఏ చోట ఎంత తేడానో చెప్పే జియాయిడ్ పట్టికతో ముందు రెంటినీ ఒకే మట్టానికి తేవాలి.

బారోమీటర్ నిజాయితీ

రికార్డు చేసేటప్పుడు జీపీఎస్ ఎత్తు కంటే బారోమీటర్ మేలు. చిన్న మార్పును బాగా పసిగడుతుంది. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే తీరంలో దాదాపు 8.3 మీటర్లు ఎక్కినట్టు లెక్క. చిక్కేమిటంటే పీడనం మనం కదలకపోయినా మారుతుంది. మన అక్షాంశాల్లో రోజూ ఉదయం 10 గంటల ప్రాంతంలో పీడనం ఎక్కువగా, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. తేడా 3 హెక్టోపాస్కల్‌ల దాకా రావచ్చు. పదింటికి బయల్దేరి నాలుగింటికి అదే గుమ్మం ముందు ఆగితే, ఇల్లు 25 మీటర్లు పైకి లేచినట్టు పరికరం చూపుతుంది. యూరప్‌లో రాసిన చిట్కాల్లో దీని ఊసు తక్కువ, అక్కడ ఈ రోజువారీ ఊపు చిన్నది. తుపాను, వాయుగుండం రోజుల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు.

వేడి రెండో కారణం. ఈ లెక్కంతా సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీలుండే ప్రామాణిక వాతావరణానికి కట్టింది. గాలి అంతకంటే 20 డిగ్రీలు వేడిగా ఉన్న మన వేసవిలో, ఉష్ణోగ్రత సవరణ లేని పరికరం నిజంగా 900 మీటర్లు ఎక్కినా 840 దగ్గరే ఆగుతుంది. ఇది కాక చెమట, వాన నీరు సెన్సర్ రంధ్రానికి అడ్డం పడితే గీత మెట్లుమెట్లుగా మారుతుంది. మంచినీటితో కడిగి ఆరబెట్టాలి, పిన్నుతో పొడవకూడదు.

బయల్దేరే ముందు తెలిసిన ఎత్తు దగ్గర సరిచేసుకోవడం మంచి అలవాటు. మన దేశంలో దానికి తేలికైన సదుపాయం ఉంది: రైల్వే స్టేషన్ చివర ఉండే పసుపుపచ్చ పేరు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ అంకె కొడితే చాలు.

దారిని ఎంచేటప్పుడు

ప్రొఫైల్ గీయడం ఒక ఎత్తు, ఎత్తును చూసి దారి ఎంచడం ఇంకో ఎత్తు. బీరౌటర్ అనే రౌటర్‌లోని ట్రెక్కింగ్ ప్రొఫైల్ (ఇక్కడ ప్రొఫైల్ అంటే దారి ఎంచే నియమాల జాబితా) చూస్తే వింతగా ఉంటుంది: ఎక్కడానికి జరిమానా సున్నా, దిగడానికి మాత్రం మీటరుకు 60 మీటర్ల అదనపు దూరమంత. కారణం తిరకాసేమీ కాదు. 200 మీటర్ల ఊరి నుంచి 900 మీటర్ల ఊరికి పోవాలంటే 700 మీటర్ల ఎక్కుడు ఏ దారినైనా తప్పదు. దారి మధ్యలో వృథాగా దిగిన ప్రతి మీటరునూ మళ్లీ ఎక్కాలి. అందుకే దిగుడుకు వెల కడితే చాలు. వాలు 1.5 శాతం లోపుంటే జరిమానా ఉండదు, 5 నుంచి 10 మీటర్ల చిల్లర ఎగుడుదిగుడును మినహాయించడానికి ఒక నిల్వ కూడా ఉంది. ఈ లెక్కన 50 మీటర్ల లోయను తప్పించడానికి 3 కిలోమీటర్ల చుట్టుదారికైనా రౌటర్ ఒప్పుకుంటుంది. వంతెనలను సవరించని డేటా మీద ఇలాంటి లెక్క నడిపితే ఏమవుతుందో ఊహించవచ్చు: లేని 40 మీటర్ల లోయకు 2.4 కిలోమీటర్ల జరిమానా పడి, బ్రహ్మాండమైన వంతెన ఉండగా దారి చెరువు చుట్టూ తిరుగుతుంది. తిక్క చుట్టుదారి కనిపించినప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే. వల్హల్లా అనే ఇంకో రౌటర్‌లో కొండల ఇష్టాన్ని 0 నుంచి 1 దాకా జరిపే సెట్టింగ్ ఉంది. దాన్ని రెండు చివరలా పెట్టి రెండు దారులనూ పోల్చితే రౌటర్ దేనికి భయపడిందో తెలిసిపోతుంది.

నడిచేవాళ్లకు కావాల్సింది సమయం. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ చాలా యాప్‌ల పునాది: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అలిపిరి మెట్ల దారి 9 కిలోమీటర్లు, ఎత్తు తేడా సుమారు 650 మీటర్లు. 1 గంట 48 నిమిషాలకు 65 నిమిషాలు కలిపితే మూడు గంటలకు కాస్త తక్కువ. ఆగకుండా నడిచేవాళ్లకు ఇది ఫర్వాలేదు. కానీ ఎత్తు తేడాను దూరంతో భాగించి 7 శాతం వాలని చెప్పే యాప్ ఆ దారి గురించి ఏమీ చెప్పనట్టే. గాలిగోపురం దాకా నిటారుగా మెట్లు, తర్వాత చాలాదూరం దాదాపు చదును, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారు. పైన చెట్లు, షెడ్ల కప్పులు, పక్కనే ఘాట్ రోడ్డు, వీటన్నిటినీ 30 మీటర్ల గడి ఒకే ముద్ద చేస్తుంది.

ఇక్కడ మెట్లే ఎత్తు కొలిచే సాధనం. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి. మెట్టుకు 15 సెంటీమీటర్లు వేసుకున్నా 358 మీటర్లు. యాప్ చూపే ఎక్కుడు దీనికంటే తక్కువుంటే గీత తప్పయినా అయి ఉండాలి, నున్నగా చేయడం మితిమీరైనా ఉండాలి. మెట్టు ఎత్తు ఇంకాస్త సరిగ్గా కావాలంటే పది మెట్లను టేపుతో కొలిచి పదితో భాగించి, ఆ సగటును 2,388తో గుణించుకోవచ్చు. అలిపిరి దారికి ఈ చిట్కా సగమే పనికొస్తుంది, మధ్యలో మెట్లు లేని వాలు ముక్కలు ఉన్నాయి కాబట్టి.